దూరప్రయాణములందు నిత్యకృత్యములు

ఏటేట పదియవ తరగతి పరీక్షలు ముగియగానే మా విద్యార్థులలో పలువురు ఇల్లు విడిచి పోవుదురు. కొందఱు పట్టణములలోని హాస్టళ్లకు, కొందఱు మేనమామల యిండ్లకు, మఱికొందఱు తలిదండ్రులతో గూడ పనులు వెదకికొనుచు పొరుగు రాష్ట్రములకు. వారిని సాగనంపునపుడు పెద్దలు చెప్పు మాటలను మేము చాల ఏండ్లుగా వినుచున్నాము. డబ్బు జాగ్రత్త, ఆరోగ్యము జాగ్రత్త, చెడు సావాసములు పట్టకుము అందురు. ఇవి మంచి మాటలే. కాని వేకువ లేచుట, మొగము గడిగికొని ప్రార్థన చేయుట, దీపము వేళకు పుస్తకము తెఱచుట, పడుకొనుటకు ముందు పక్క దులుపుకొనుట మొదలగు, ఇంట దినదినమును చేయుచు వచ్చిన చిన్న పనుల మాట ఎవ్వరును ఎత్తరు. అవి యింటితోడనే ముడివడిన వనియు, ఇల్లు వదలిన పిమ్మట వానంతట అవియే వదలిపోవలసిన వనియు అందఱును తలంతురు కాబోలు.

ఈ తలంపు సరికాదని మా యభిప్రాయము. నెలలతరబడి ఇల్లు విడిచి యుండువానికి నిత్యకృత్యము ఇంట నున్నవానికంటె ఎక్కువగా కావలెనని మేము చెప్పబోవుచున్నాము. రెండు దినములు పెండ్లికి పోయి వచ్చువానిని గూర్చి మేము మాటలాడుట లేదు. వాడు ఆ రెండు దినములు ఎట్లున్నను కొంప మునుగదు.

మాకు ఎదురు చెప్పువారు లేకపోలేదు. ఏ యెండకా గొడుగు పట్టవలె నని లోకోక్తి యుండనే యున్నది. పరదేశము పోయినవాడు అక్కడి తిండి తిని, అక్కడివారు లేచు వేళకు లేచి, అక్కడి పద్ధతులను నేర్చుకొనుటయే ప్రయాణ ఫలమని వారందురు. ఇందులో నిజమున్నది. పోయిన చోటనెల్ల గోంగూర పచ్చడియే కావలె నని పంతము పట్టువాడు ఇల్లు విడిచియు విడువనివాడే. కాని తిండి వేఱు, నియమము వేఱు. తిండి మార్చుకొన్నను మనిషి మాఱడు. నియమము పూర్తిగా పోయిన పిమ్మట తన దినమును తాను చెప్పుచేతలలో నుంచుకొను శక్తి మనిషికి తగ్గిపోవును. మేము చూచినంతవఱకు ఇది పిల్లలకును పెద్దలకును సమానమే.

మన తెలుగువారిలో దీనికి గొప్ప యుదాహరణ మొకటి యున్నది. మదరాసు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని ఇల్లు విడిచి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగి చేరిరి. అనగా 15 నెలలకు పైగా, సుమారు 470 దినములు ఆయన బాటమీదనే యుండిరి. ఆనాటికి మన దేశమున రైలు లేదు. ప్రయాణికుల మొదటి రైలుబండి నడచినది 1853లో గదా. కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా ప్రయాగ, కాశి చేరి, గయ, కలకత్తాలు చూచి, ఒడ్డు వెంబడి జగన్నాథము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరముల మీదుగా తిరిగి వచ్చిరి. వెంట సుమారు నూఱుగురు పరివారము. దారిలో అడవులు, పొంగు నదులు, రోగములు.

ఇంత ప్రయాణములో ఆయన దినదినమును చేసిన పని యొకటి కలదు. దిగిన ప్రతి మజిలీలోను ఆనాటి నడకను గూర్చి వ్రాసి యుంచుట. ఉదయమున ఎన్ని గంటలకు బయలుదేరినది, ఎంత దూరమునకు ఏ యూరు చేరినది, త్రోవ రాతిదా యిసుకదా, నీళ్లు మంచివా కావా, ఆ యూర అంగళ్లున్నవా, కావలసిన సరకులు దొరకునా, ఇటువంటివే. చదువుటకు కొన్నిచోట్ల విసుగు పుట్టును. ఆ మాట దాచుట యెందుకు? ఒక యూరునకును మఱొక యూరునకును భేదము కనబడనట్లు పుటలు సాగిపోవును. ఐనను ఆ విసుగుపుట్టించు నియమమే ఆ గ్రంథమునకు ప్రాణము. మనసు పుట్టిననాడు మాత్రమే వ్రాసినవాడైనచో ఆయన కాశిని వర్ణించి యుండును, గంగను వర్ణించి యుండును. పేరులేని చిన్న పల్లెలో బియ్యము దొరకెనా లేదా యను మాటను వ్రాసి యుండడు. నేడు చరిత్రకారులు ఆ గ్రంథమునందు వెదకునది ఆ బియ్యపు మాటనే. ఆ వ్రాతలను ఆయన మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారు 1838లో, వీరాస్వామయ్యగారు గతించిన రెండేండ్లకు, అచ్చువేయించిరి. దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో మరల ప్రకటించిరి.

ఇచట ఒక మాట కలుపవలెను. వీరాస్వామయ్యగారు పల్లకిలో పోయిరి. ఆ పల్లకిని మోసినవారు బోయీలు. ఉదయమున వేళకు బయలుదేరవలె ననిన, వారు అంతకు ముందే లేవవలెను. దొరగారి నియమము పనివాని వీపుమీద నడచుట లోకములో క్రొత్త కాదు. కావున నియమమును పొగడునపుడు అది ఎవరి శ్రమతో నిలిచినదో కూడ అడుగవలె నని మేము మా విద్యార్థులకు చెప్పుచుందుము. తన నియమమునకు తానే నీళ్లు తోడుకొనువాడు ఉత్తముడు.

దినదినమును వ్రాయుటవలన కలుగు మేలునకు ఇంకొక విచిత్రమైన నిదర్శనము గలదు. భూగోళమును మొదట చుట్టివచ్చిన మాగెల్లాను నావలలో పిగఫెట్టా యను ఇటలీ దేశస్థుడు ఒకడుండెను. అతడు దినచర్యను ఎడతెగక వ్రాయుచుండెను. 1522 జూలైలో, మిగిలిన యొకే నావ కేప్ వర్డి దీవుల కడ ఆగినపుడు, ఒడ్డునకు దిగినవారు ఈ దినమేమి వారమని అడిగిరి. గురువారమని దీవివారు చెప్పిరి. నావలో లెక్క ప్రకారము బుధవారము! పిగఫెట్టా నివ్వెఱపోయెను, తానొక్కదినమైనను తప్పక వ్రాసితి గదా యని. నిజమునకు అతని లెక్క తప్పలేదు. పడమటగా భూమిని చుట్టివచ్చినందున వారికి ఒక దినము తగ్గినది. లెక్క సరిగా ఉంచుకొనినవాడే ఆ దినము తగ్గిన సంగతిని రూఢిగా చెప్పగలిగెను. వారములు మఱచి, ఏదో ఒక పూట అని గడుపువాడైనచో, మనమే ఎచటనో తప్పు లెక్కపెట్టితిమి లెమ్మని ఊరకుండెడివాడు. భూగోళశాస్త్రము చెప్పునపుడు మేము అంతర్జాతీయ దినరేఖ పాఠమునకు ముందు ఈ కథను చెప్పుదుము. పిల్లలు రేఖను మఱతురు గాని కథను మఱువరు.

ఇక కష్టకాలపు మాట. కప్తాను స్కాటు దక్షిణధ్రువ యాత్రను గూర్చి మన పాఠ్యపుస్తకములలో కొంత యున్నది. ఆ యాత్రలోనే మఱియొక చిన్న గుంపు ఉండెను. క్యాంపుబెల్లు నాయకుడుగా ఆఱుగురు మనుష్యులు. 1912 జనవరిలో వారు కొన్ని వారములకు సరిపడు ఆహారముతో ఒక తీరమున దిగిరి. సముద్రపు మంచు అడ్డుపడినందున ఓడ వారిని తీసికొనిపోలేకపోయెను. చలికాలము ముంచుకొని వచ్చెను. వారు గడ్డకట్టిన మంచులో ఒక గుహను త్రవ్వికొనిరి. సుమారు 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు. లోపల ఎత్తు మనిషి నిటారుగా నిలుచుటకు చాలదు. సీలు జంతువుల మాంసము, పెంగ్విను పక్షుల మాంసము తిని, సీలు కొవ్వుతో దీపము వెలిగించుకొని, మసిలో మునిగి, నెలలతరబడి సూర్యుని మొగము చూడక, సెప్టెంబరు చివరివఱకు ఆ గుహలోనే గడపిరి.

ఆ గుహలో వారి దినమును చూడుడు. రాత్రి పుస్తకము ఒక అధ్యాయము పైకి చదువుట. వారికి దొరకిన కొన్ని పుస్తకములలో డికెన్సు వ్రాసిన డేవిడ్ కాపర్‌ఫీల్డు ఒకటి. దానిని రాత్రికి ఇంత యని చదివికొనిరి. ఆదివారమున క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయము చదువుట, కంఠతా వచ్చిన కీర్తనలు పాడుట. మిగిలిన చక్కెర బిళ్లలు, చాకొలేటు, ఎండుద్రాక్షపండ్లు కొద్దియే. వానిని వారమునకు నెలకు నియమము పెట్టుకొని పంచుకొనిరి. పుట్టినదినములను మఱువలేదు. నాయకుడు గుహ నేలమీద ఒక గీత గీచి, అధికారులు ఒక ప్రక్క, నావికులు ఒక ప్రక్క ఉండునట్లును, ఒక ప్రక్కవారి మాటలు రెండవ ప్రక్కవారు విననట్లే యుండునట్లును ఏర్పాటు చేసెను. ఈ గీతను గూర్చి తరగతిలో చెప్పినపుడు పిల్లలు నవ్వుదురు. మాకును అది మొదట వెఱ్ఱిగనే తోచెను. ఆలోచింపగా, తొమ్మిదడుగుల గుహలో ఆఱుగురికిని కొంత చాటు కల్పించుటకు అంతకంటె వేఱు ఉపాయము లేదని తెలిసెను.

ఆ ఆఱుగురును బ్రదికిరి. 1912 నవంబరులో తమ స్థావరము చేరిరి. వారిని బ్రదికించినది సీలు మాంసము. ఆదివారపు కీర్తన గాదు. ప్రార్థన చేసిన ప్రతివాడును మంచులోనుండి బ్రదికి రాడు. స్కాటును ఆయనతో పోయిన నలుగురును రాలేదు గదా. కాని కడుపు నిండుట ఒకటి, ఆఱుగురు ఒకరి మొగము ఒకరు చూడజాలనంత కక్ష పుట్టక ఆఱునెలలు ఒక బిలములో ఉండుట మఱియొకటి. ఈ రెండవదానికి ఆ రాత్రి చదువును, ఆ వారపు చక్కెర బిళ్లయు తోడ్పడె ననుటలో మాకు సందేహము లేదు. దినమునకును దినమునకును భేదము చెప్పగల గుర్తు లేనిచోట మనుష్యుడు తానై గుర్తు పెట్టుకొనవలెను.

మన గ్రంథము చదువువారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఇశ్రాయేలీయులు నలువది ఏండ్లు అరణ్యమున తిరిగిరి. వారికి దొరకిన మన్నాను ఏనాటికానాడే ఏరుకొనవలెను. దాచినచో పురుగు పట్టును. ఆఱవ దినమున మాత్రము రెండింతలు ఏరుకొని ఏడవ దినమున ఊరక యుండవలెను. ఊరు లేదు, పొలము లేదు, విత్తుకాలము కోతకాలము లేదు. ఐనను దినమునకు ఒక పని, వారమునకు ఒక విశ్రాంతి నిలిచినవి. దానియేలు బబులోనులో ముమ్మాఱు ప్రార్థించెను. దానికి ప్రాణాపాయమున్నదని తెలిసియు వేళ మార్చుకొనలేదు. ఇంతకంటె ఈ సంగతి మేము పెంచము. ఆదివారపు పాఠములో వినుచునే యున్నారు.

పుస్తకములలోని వారిని విడిచి మనవారిని చూతము. 1834 మొదలు మారిషసు దీవి చెఱకు తోటలకు కూలి ఒడంబడికమీద పోయినవారిలో తెలుగువారు పెక్కుమంది. కోరంగి రేవునుండి ఓడలెక్కినందున వారికి అచట కోరంగీలని పేరు వచ్చెను. తరములు గడచినవి. భాష చాలమందికి ఇంట మాటలాడు భాషగా మిగులలేదు. కాని పండుగ మిగిలినది. నేటికిని ఉగాది ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. దక్షిణాఫ్రికాలోని నేటాలు తోటలకు పోయిన తెలుగు క్రైస్తవులు అచట ఆరాధన మానక, తమకు ఒక బోధకుని పంపుడని ఇచటివారిని కోరుకొనిరి. 1903లో నెల్లూరినుండి జాన్ రంగయ్యగారు సముద్రము దాటి వారియొద్దకు పోయిరి. బోధకుడు వచ్చిన తరువాత సంఘము కట్టుట సులభము. బోధకుడు లేని కాలములో, దినమెల్ల తోటపని చేసి, సాయంకాలము తమ భాషలో తాము కూడి ప్రార్థించుకొనినవారి పట్టుదల మాకు ఎక్కువ గౌరవము కలిగించుచున్నది.

అంత దూరము పోనక్కఱలేదు. పాలమూరు కూలీలు ఎన్నో ఏండ్లుగా దేశములో ఎచట ఆనకట్ట కట్టినను, ఎచట కాలువ త్రవ్వినను అచటికి పోవుచుందురు. పని యున్నన్ని నెలలు పరదాలతో కట్టిన గుడిసెలలోనే కాపురము. అటువంటి గుడిసెల వరుస నొకదానిని మేము ఒకనాడు ఉదయమున చూచితిమి. ముందు కంకర, వెనుక కంకర, నడుమ రెండు మూరల నేల. ఆ రెండు మూరల నేలను ఒక యామె చిమ్మి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టియున్నది. ఆమెతో మేము మాటలాడలేదు. మాటలాడుటకు ఆమెకు తీరికయు లేదు. నెల తిరుగకముందే గుడిసె పీకి వేఱుచోట వేసికొనవలసినవారు ముగ్గు పెట్టుట యెందుకని అడుగువారుందురు. పెట్టనిచో అది యెవరి వాకిలి? నియమమును గూర్చి మేము చదివిన వ్యాసములు కొన్ని గలవు. వానిలో దేనికంటెను ఆ ముగ్గే ఈ సంగతిని మాకు బాగుగ తెలిపినది.

నియమమునకు హద్దును గలదు. కొందఱు పెద్దలు పరాయి యింట దిగి, తమకు వేడినీళ్లు నాలుగు గంటలకే కావలె నని, తాము లేచునప్పటికి ఇల్లంతయు లేవవలె నని కట్టడి చేయుదురు. ఇది భక్తియు కాదు, క్రమశిక్షయు కాదు, అధికారము. రోగములో, రైలులో, ఒకరి కష్టకాలములో నియమము దానంతట అది ప్రక్కకు జరుగవలెను. ఒక దినము తప్పినదని దిగులుపడి మొత్తమునే మానివేయు పిల్లలును ఉందురు. వారు ముందువారికంటె ఎక్కువ నష్టపడుదురు. తప్పిన దినము తప్పినది. మఱునాటి యుదయము ఉన్నది గదా.

వేళలు తలక్రిందులైనచోట నియమ మెట్లు నిలుచునని అడుగవచ్చును. రాత్రి కాపలా పనికి పోవు తండ్రులు మమ్ము ఇట్లే అడిగిరి. దీనికి ఆకాశమునుండియే జవాబు తేవచ్చును. సునీతా విలియమ్సు అను వ్యోమగామిని, బుచ్ విల్మోరు అను సహచరునితో, 2024 జూన్ 5వ తేదీని సుమారు ఎనిమిది దినముల పనికని అంతరిక్ష కేంద్రమునకు పోయి, వాహనములోని లోపముచేత 286 దినములు అచటనే యుండి, 2025 మార్చి 18వ తేదీని తిరిగి వచ్చిరి. ఆ కేంద్రము గంటన్నరకు ఒకమాఱు భూమిని చుట్టును. అచట ఒక దినములో సుమారు 16 మాఱులు సూర్యుడు ఉదయించును. సూర్యుని చూచి లేచువాడు అచట నిద్రయే పోజాలడు. కావున వారు గ్రీన్విచి గడియారమును ఒకదానిని పెట్టుకొని, లేచుట, పని, భోజనము, నిద్ర అన్నియు దానినిబట్టి నడుపుకొందురు. దినమునకు సుమారు రెండు గంటలు వ్యాయామము తప్పదు. మానినచో ఎముకలు, కండరములు క్షీణించును. రాత్రి కాపలా కాయు తండ్రికి ఉదయము తొమ్మిది గంటలే సాయంకాలము. ఆ వేళకే ఆయన తన బిడ్డను దగ్గఱ కూర్చుండబెట్టుకొని ఒక పుట చదివించుకొన్నచో అదియే ఆ యింటి నియమము.

ఇప్పుడు మా పిల్లల సంగతి. హాస్టలునకు పోయిన పిల్లవాడు ఒక్కమాఱుగ చెడిపోడు. మేము గమనించినంతలో మొదట పోవునది నిద్ర వేళ. తెల్లవాఱు వఱకు ఫోను చూచుటవలననో, మాటలవలననో అది పోవును. దానితో ఉదయపు ఫలాహారము పోవును. ఆ తరువాత బట్టలు ఉతుకుకొనుట వారమునుండి పక్షమునకు పడును. ఇంటికి మాటలాడుట తగ్గును. మాటలాడినను బాగున్నాను అను ఒక మాటతో ముగియును. చదువు పోవుట అన్నిటికిని చివర. మార్కుల కాగితము వచ్చినప్పుడు తలిదండ్రులు చదువు ఎట్లు పోయినదని మమ్మడుగుదురు. చదువుకంటె ముందు పోయిన నాలుగింటిని అప్పటికి ఎవ్వరును లెక్కించియుండరు.

అందుచేత, ఈ యేడు మమ్ము విడిచిపోవు బాలబాలికలారా, ఇంటినుండి పోవుటకు ముందే మీ దినములోని పనులలో ఏ రెండు మూడు మీతో వచ్చునో ఏర్పఱచుకొనుడు. పది వలదు, పది మొదటి వారమే పడిపోవును. గది లేకున్నను, దీపము లేకున్నను, డబ్బు లేకున్నను చేయగలవి కావలెను. మీ చాపమీదనే చేయగలవి కావలెను. ప్రార్థన చేయు అలవాటున్నవారికి అది ముందుగానే యున్నది. లేనివారును దినమునకు నాలుగు పంక్తులు వ్రాయవచ్చును. వీరాస్వామయ్యగారివలె నీళ్లు మంచివా కావా యని వ్రాసినను చాలును. రెండవది ఇంటివారితో మాటలాడు వేళ. ఆ వేళ కుదిరినపుడు అని పెట్టుకొనకుడు. ఎనిమిది అనిన ఎనిమిదియే.

తలిదండ్రులకు మా మనవి ఒకటి గలదు. పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, అలసివచ్చినాడు పాపము అని, వారు అచట నిలుపుకొన్న దానిని మీరే తొలగింపకుడు. పోయిన యేడు ఒక బాలిక నర్సు చదువునకు పోయి క్రిస్మసునకు ఇంటికి వచ్చెను. ఉదయము ఐదు గంటలకే లేచి తన పక్క తానే సర్దుకొని పుస్తకము పట్టుకొనగా, తల్లి చూచి, అమ్మాయి మనసులో ఏదో దిగులున్నదని భయపడి మా యొద్దకు వచ్చెను. దిగులేమియు లేదనియు, ఆ వేళకు ఒక గ్లాసు టీ ఇచ్చి ఊరకుండుడనియు చెప్పి పంపితిమి.